బరువు చూసి టెంటు కొనేవాళ్ళకి

"మా అమ్మాయి ముప్పై నిండకుండానే రిటైరైపోయింది" అని మా యజమాని కోటయ్య గారు కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. అందులో ఎగతాళి ఎంతో, బెంగ ఎంతో నాకు తెలుసు. డిగ్రీ అయిన ఏడాదే తెనాలి బజారులోని ఆయన కొట్లో చేరాను. ఇప్పుడు బాపట్లలో ఒక స్కూలు లైబ్రరీలో ఉద్యోగం దొరికింది. నా చోటికి ఇద్దరు అమ్మాయిలు వస్తున్నారు. "వాళ్ళని కూర్చోబెట్టి పని చెప్పు" అన్నారు ఆయన. కూర్చోబెట్టి చెప్పడం నా వల్ల కాదు. ఇద్దరు ఒకేసారి నా మొహంలోకి చూస్తే మాట మింగేస్తాను. రాయమంటే మాత్రం రాస్తాను. రోజూ డైరీ రాసే చెయ్యి కాబట్టి అదేం కష్టం కాదు.

బిల్లు ఎలా కొట్టాలో, సెలవు ఎలా అడగాలో ఆయనే చెబుతారు. నేను రాసేది ఒక్కటే సంగతి: వీపు మీద మోసుకుని నడిచే మనిషికి తేలిక టెంటు ఎలా ఎంచిపెట్టాలి అన్నది. చిన్న సంగతే. నాకు మాత్రం ఇన్నేళ్ళూ సరిపోయింది.

చేత్తో తూచే ఊళ్ళు

మనది పుట్టుకతో టెంట్ల కొట్టు కాదు. ధాన్యం మీద కప్పే బరకాల కొట్టు. కోతల రోజుల్లో మబ్బు పట్టిందంటే రేపల్లె వైపు నుంచి రైతులు రైలు దిగి నేరుగా ఇక్కడికే వస్తారు. వాళ్ళు బరకాన్ని కళ్ళతో చూడరు. మడత మీదే రెండు చేతులతో ఎత్తుతారు. బరువుగా ఉంటే తల ఊపుతారు, తేలిగ్గా ఉంటే పక్కన పడేస్తారు. కోటయ్య గారు కూడా అలా ఎత్తి చూపించే ఇంత కొట్టు చేశారు. "బరువుంటేనే సరుకు" అన్నది ఆయన నోట రోజుకి పదిసార్లయినా వినపడుతుంది. బరకానికి అది నిజం కూడా.

కొన్నేళ్ళ కిందట కుర్రకారు కొండలెక్కడం మొదలెట్టి టెంట్లు అడగసాగారు. బాబాయి గారు (కోటయ్య గారిని నేను అలాగే పిలుస్తాను, మీరూ అలాగే పిలవండి, పొంగిపోతారు) ఒక అరలో టెంట్లు పెట్టించారు. నేను మొదటిసారి ఒక తేలిక టెంటు తీసి చూపించింది కొల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి. కొడుకు కోసం కొంటున్నారు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ ఊపి, "ఏంటమ్మా ఇది, దూదిమూటలా ఉంది. లోపల సామాను పెట్టడం మర్చిపోయారా?" అన్నారు.

"లేదండి, అంతేనండి."

"అంతే అయితే ఇంత రేటేంటి?"

దానికి జవాబు నాకు తెలుసు. గుడ్డ పల్చబడే కొద్దీ, చిరగకుండా ఉండాలంటే నేత గట్టిపడాలి, ధర పెరుగుతుంది. ఆ మాట గొంతు దాటేలోపే ఆయన నాలుగు కేజీల టెంటు చంకన పెట్టుకుని సంతోషంగా వెళ్ళిపోయారు. కొండెక్కేది ఆయన కాదు కదా.

మన దగ్గర మీకు రోజూ ఎదురయ్యేది ఇదే. కొనేవాళ్ళు తెలివితక్కువవాళ్ళని ఎప్పుడూ అనుకోకండి. తరతరాలుగా బియ్యం బస్తానీ బరకాన్నీ నాగలినీ బరువుతోనే బేరీజు వేసిన చేతులవి. వాటికి తేలిక అంటే మోసం. మీ పని ఆ చేతులతో వాదించడం కాదు. వీపుని అడగమని చెప్పడం.

కాటా, మేడ, గొట్టం నీళ్ళు

నేను కనిపెట్టిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. పెద్ద గొప్పవేం కావు.

అట్టపెట్టె మీద రాసిన బరువు నమ్మకండి. చాలాసార్లు అది గుడ్డదీ కర్రలదీ మాత్రమే. మేకులు, తాళ్ళు, సంచి లెక్కలో ఉండవు. అన్నీ కలిపి మన బరకాల కాటా మీదే పెట్టి, కొనేవాళ్ళనే చదవమనండి. పక్కన వాళ్ళు తెచ్చుకున్న ఖాళీ వీపుసంచి కూడా పెట్టండి. తర్వాత ఆ సంచిలో టెంటు పెట్టి, నీళ్ళ సీసాలు పెట్టి, వీపున వేసి, మేడమెట్లు ఎక్కించి దింపండి. చేత్తో ఎత్తినప్పుడు ముద్దొచ్చిన బరువు పై మెట్టు దగ్గర ఎలా ఉందో వాళ్ళే చెబుతారు. నేనైతే అప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడను. అంత సుఖమైన అమ్మకం ఇంకోటి లేదు.

ఇద్దరి టెంటు అంటే ఇద్దరు పట్టే టెంటు అనుకోకండి. సన్నటి మనుషులు ఇద్దరు, పక్కకి తిరక్కుండా, గొడవ పడకుండా ఉంటే పడతారు. సామాను వానలో ఉంటుంది. అందుకే కొనేముందు పడుకుని చూడమనాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన ఊళ్ళలో ఆడవాళ్ళు కొట్లో నలుగురి ముందు పడుకోరు. మగవాళ్ళు కూడా బూట్లు విప్పాక సాక్సు చిరుగు చూసుకుని మానేస్తారు. నాకూ అది చూడటం సిగ్గే. అందుకని మేడ మీద గోడౌన్‌లో టెంటు వేసి ఉంచి, లోపలికి పంపి, నేను బయట మెట్ల మీద పుస్తకం చదువుకుంటూ కూర్చుంటాను. ఒకసారి చీరాల నుంచి వచ్చిన దంపతులు లోపలికి వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. పిలవాలా వద్దా అని చాలా అవస్థ పడ్డాను. చివరికి గురక వినపడింది. ఆ టెంటే కొన్నారు.

మన గాలి సంగతి మర్చిపోకండి. మంచు దేశాల వాళ్ళ కోసం చేసిన టెంట్లు గాలి చొరబడకుండా మూసి ఉంటాయి. మన ఉక్కలో అందులో పడుకుంటే పొద్దున్నే గుడ్డ లోపలి వైపు నీళ్ళు కారతాయి. టెంటు కారిందని తెచ్చి దెబ్బలాడతారు. అది వాన కాదు, వాళ్ళ చెమటా ఊపిరీనే. లోపల దోమతెర లాంటి గుడ్డ, పైన విడిగా వానగుడ్డ, మధ్యన గాలి ఆడే సందు ఉన్నదే మన మనుషులకి మంచిది. కారుతుందో లేదో తేల్చుకోవాలంటే మేడ మీద వేసి మొక్కలకి పట్టే గొట్టంతో నీళ్ళు కొట్టండి. ఆ పని వేసవిలో పెట్టుకుంటే కొట్లో అందరూ సాయానికి వస్తారు.

బాబాయి గారు

ఆయన గురించి నిజం రాయమని ఆయనే అన్నారు. కాబట్టి రాస్తున్నాను. బరకాల విషయంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. టెంట్ల విషయంలో ఆయన మాట వినకండి. ఒకసారి ఎక్కడో చవకగా వస్తున్నాయని మంచుకొండలకి పనికొచ్చే టెంట్లు తెప్పించారు. మే నెలలో, తెనాలిలో. కిటికీ కూడా లేదు వాటికి. "గట్టిగా ఉన్నాయి కదమ్మాయ్" అన్నారు. ఒకదాంట్లో మా కొట్టు పిల్లి ఈనింది. అదొక్కటే ఉపయోగం.

అయితే ఆయనలో ఒక మంచి గుణం ఉంది. తప్పని తేలితే పంతం పట్టరు. మెల్లగా, పక్కకి పిలిచి, టీ వచ్చాక చెప్పాలి. టీ రాకముందు ఏదీ చెప్పకండి.

సుగుణ టీచర్ గారు

ఇక అసలు సంగతి. నా ఉద్యోగమంతా ఒక పక్క, ఇది ఒక పక్క.

ఆవిడ రేపల్లెలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రోజూ ఉదయం నడిచే మనిషే గానీ ఒక మోకాలు అంత మంచిది కాదు. బరువు మోయొద్దని, పెద్ద నడకలకి చేతికర్ర పట్టుకోమని డాక్టరు చెప్పారట. బాపట్లలో ప్రకాశరావు గారని ఒక రిటైర్డ్ ఇంజనీరు ఏటా శీతాకాలంలో కొందరిని అరకు వైపు కొండల్లో నడకకి తీసుకెళ్తారు. ఆవిడకి ఎన్నాళ్ళనుంచో అందులో వెళ్ళాలని కోరిక. ఉద్యోగం ఉండగా సెలవు కుదరలేదు. ఇప్పుడు కుదిరింది, మోకాలు ఎన్నాళ్ళు కుదరనిస్తుందో తెలీదు.

ప్రకాశరావు గారి నియమం ఒక్కటే. ఎవరి టెంటు, ఎవరి సామాను వాళ్ళే మోయాలి, వాళ్ళే వేసుకోవాలి. బయల్దేరేముందు అందరికీ ఒక పరీక్ష నడక పెడతారు. అందులో ఆగిపోయినవాళ్ళని తీసుకెళ్ళరు. కఠినంగా ఉందని మీరు అనుకోవచ్చు. కిందటేడు ఎవరో మోయలేకపోతే మిగతావాళ్ళు రెండేసి సంచులు మోశారట. ఆయన తప్పేం లేదు.

టీచర్ గారితో ఆవిడ భర్త డేవిడ్ గారు వచ్చారు. రైసుమిల్లులో గుమాస్తాగా చేసిన మనిషి. నేను ఆవిడకి ఒక తేలిక టెంటు విప్పి చూపిస్తుంటే ఆయన వచ్చి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి నవ్వారు.

"ఏంటిది సుగుణా, గాలిపటమా? కొండ మీద గాలేస్తే నిన్ను కూడా తీసుకెళ్ళిపోతుంది."

బాబాయి గారికి ఆ మాట తేనెలా తగిలింది. ఇద్దరూ కలిసి అడుగు అరలోంచి ఒక పెద్ద టెంటు లాగారు. ఒకరు ఎత్తడం, "ఇదీ సరుకంటే" అనడం, రెండోవారికి ఇవ్వడం, ఆయన ఎత్తడం. మోయాల్సిన మనిషి స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయారు. ఆవిడా నాలాగే నెమ్మది మనిషి. వెళ్తూ వెళ్తూ నా వైపు చూసి, "పోనీలేమ్మా, మగవాళ్ళు ముచ్చటపడ్డారు" అన్నారు.

పెనుమూడి కరకట్ట

పరీక్ష నడక పెనుమూడి దగ్గర, కృష్ణ ఒడ్డున కరకట్ట మీద జరిగింది. నేను చూడలేదు. తర్వాతి వారం ఆవిడ ఒక్కరే రైల్లో వచ్చి చెప్పారు. టెంటుని వీపు సంచి కింద కట్టుకుని బయల్దేరారట. మొదట బాగానే ఉంది. అరటితోటలు దాటాక మోకాలు మొరాయించింది. కట్ట మీద కూర్చుండిపోయారు. ప్రకాశరావు గారు వెనక్కి వచ్చి మంచినీళ్ళు ఇచ్చి, "వచ్చే ఏడు చూద్దాం టీచర్ గారూ" అన్నారట.

"వచ్చే ఏడు అన్నారమ్మా. నేను పిల్లలకి 'వచ్చే ఏడు పాసవుతావులే' అని ఎంతమందికి చెప్పుంటాను! అది ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది" అని నవ్వారు. కళ్ళు మాత్రం నవ్వలేదు.

బతిమాలితే ఆయన ఇంకొక్క ఆదివారం ఇచ్చారట. సూర్యలంకలో, సముద్రం ఒడ్డున. కొంతదూరం నడిచి, గాలిలో తన చేత్తో టెంటు వేసి చూపించాలి. అదే ఆఖరు.

ఆవిడ బురదంటిన ఆ పెద్ద టెంటు బల్ల మీద పెట్టారు. బాబాయి గారు ముక్కు చిట్లించారు. "వాడిన సరుకు వెనక్కి తీసుకుంటే రేపు తడిసిన బరకాలన్నీ తెస్తారు" అని నాకు మాత్రమే వినపడేలా అన్నారు. నేను టీ చెప్పాను. టీ వచ్చాక పక్కకి వెళ్ళి, "బాబాయి గారూ, దీన్ని అద్దె సరుకులో వేద్దామండి. శని ఆదివారాల్లో సూర్యలంక వెళ్ళే కుటుంబాలు కార్లో పడేసుకుని వెళ్తారు. వాళ్ళకి ఇంత పెద్దదే కావాలి. ఇది చెడ్డ టెంటు కాదు, ఆవిడ వీపుకి తగింది కాదు, అంతే" అన్నాను. ఆయన టీ ఊదుకుని, రెండు గుక్కలు తాగి, "ఇన్ని మాటలు వచ్చా నీకు?" అన్నారు. అంటే సరేనని.

కర్ర మీద నిలబడే ఇల్లు

ఆవిడకి ఏది ఇవ్వాలా అని ఆలోచిస్తూ ఆవిడ ఖాళీ చేతుల వైపు చూశాను.

"చేతికర్ర తీసుకెళ్ళలేదా అండి?"

"ఇంట్లో ఉందమ్మా. అది పట్టుకుంటే ముసలిదాన్ని ఎందుకు తీసుకొచ్చారంటారని..."

అప్పుడు తట్టింది. కొన్ని తేలిక టెంట్లకి వేరే కర్రలే ఉండవు. కొండెక్కేవాళ్ళు చేతిలో పట్టుకునే కర్రనే మధ్యలో నిలబెట్టి, చుట్టూ తాళ్ళు లాగి కడతారు. విడి కర్రల బరువు మొత్తం తగ్గిపోతుంది. అలాంటిది మన దగ్గర ఒకటి చాలాకాలంగా పడి ఉంది. ఎవరు ఎత్తి చూసినా నవ్వి పక్కన పెట్టేవారు. కాటా మీద పెడితే సంచితో సహా ఒక కేజీ దాటీ దాటకుండా తూగింది. పొడుగు పెంచుకునే నడక కర్ర ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇది ముసలివాళ్ళది కాదండి, కొండెక్కేవాళ్ళది. మీ మోకాలికీ ఆసరా, మీ ఇంటికీ స్తంభం."

ఆవిడ ఆ కర్రతో కొట్టంతా ఒక చుట్టు తిరిగి, మేడెక్కి దిగి, "బెత్తం పట్టుకున్నంత ధైర్యంగా ఉంది, ఇప్పుడైతే పెద్ద క్లాసులకి కూడా పాఠం చెప్పేస్తాను" అన్నారు.

ఇలాంటి టెంటుకి ఒక లోపం ఉంది, దాచకుండా చెప్పండి. తాళ్ళు బిగువుగా లేకపోతే అది నిలబడదు. ఇసుకలో మేకులు నిలవవు. అందుకు ఉపాయం: చిన్న గుడ్డసంచుల్లో ఇసుక నింపి, తాడు చివర కట్టి, గుంట తీసి పాతిపెట్టాలి. ఆవిడకి గోడౌన్‌లో తాళ్ళు కట్టడం చూపించాను. తర్వాత వారమంతా రేపల్లెలో వాళ్ళ చర్చి ఆవరణలో సాధన చేశారట. "టీచర్ గారు ఇల్లు మారుతున్నారా?" అని వచ్చేపోయేవాళ్ళు ఒకటే వేళాకోళం.

సూర్యలంక

ఆ ఆదివారం పొద్దున బాపట్ల దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో నేనూ వెళ్ళాను. టీచర్ గారు మిగతావాళ్ళతో ముందే వెళ్ళిపోయారు. బాపట్లలో కలిసిన డేవిడ్ గారు మొహం ముడుచుకుని ఆటోలో నా పక్కన కూర్చున్నారు. "ఎగిరిపోతుంది, చూడమ్మాయ్. ఆవిడ చిన్నబోతే నేను చూడలేను" అన్నారు. ఆయన బెంగ ఇదా అని అప్పుడు అర్థమైంది. ఆవిడని కాపాడాలనే ఆయన ఆ బరువంతా ఆవిడ మీద పెట్టారు.

నడక తేలిగ్గా అయిపోయింది. కర్ర పట్టుకుని, అందరికంటే ముందు కాకపోయినా మధ్యలో, కబుర్లు చెబుతూ వచ్చేశారు. ప్రకాశరావు గారు టోపీ సర్దుకుంటూ, "సరేనండి. ఇక ఇల్లు కట్టండి" అన్నారు. గాలి బాగానే ఉంది. ఆవిడ సంచులు నింపి, గుంటలు తీసి, తాళ్ళు లాగి, కర్ర నిలబెట్టారు. నిలబడింది. ఇంతలో సముద్రం వైపు మూల పాతిన సంచి పైకి తేలింది. టెంటు మొత్తం ఆవిడ నెత్తి మీద కూలింది.

నేను పరిగెత్తబోయాను. "చెయ్యి వేయొద్దమ్మా" అన్నారు ప్రకాశరావు గారు. డేవిడ్ గారు కళ్ళు మూసుకున్నారు. గుడ్డ కింద నుంచి ఆవిడ బయటికి వచ్చి, జుట్టు వెనక్కి తోసుకుని, ఎవరి వంకా చూడకుండా ఆ మూల దగ్గర మోచేయి లోతున మళ్ళీ గుంట తీయడం మొదలుపెట్టారు. పాతి, పైన కాలితో తొక్కి, తాడు లాగి, కర్ర ఎత్తారు. ఈసారి గుడ్డ డప్పులా బిగుసుకుంది. గాలి వచ్చి కొట్టింది. కదల్లేదు.

సరిగ్గా అప్పుడే మా వెనక ఎవరో కేక పెట్టారు. ప్రకాశరావు గారి టెంటు! ఆయనది గుండ్రంగా, బరువైన కర్రలతో తనంతట తానే నిలబడే రకం. "దానికి మేకులెందుకు, దాని బరువే దానికి కాపలా" అని పొద్దున్నే వేసి వదిలేశారు. గాలి లోపల దూరి ఒక్కసారి ఎత్తింది. అది లేచి, దొర్లి, బంతిలా ఎగురుకుంటూ తీరం పొడుగునా పోతోంది. వెనకాల టోపీ చేత్తో పట్టుకుని ప్రకాశరావు గారు, ఆయన వెనక మేమందరం. డేవిడ్ గారైతే నవ్వుతో పరిగెత్తలేక ఇసుకలో కూలబడ్డారు. దూరంగా వల బాగుచేసుకుంటున్న వాళ్ళు లేచి దాన్ని పట్టుకున్నారు.

"ఏంటి సార్, ఇల్లు పారిపోతోంది, అద్దె కట్టలేదా?" అన్నాడు ఒకాయన.

ప్రకాశరావు గారు రొప్పుతూ, టెంటుని ఈడ్చుకుంటూ తిరిగొచ్చేసరికి సుగుణ టీచర్ గారి టెంటు ఉన్నచోటే ఉంది. ఆయన దాని చుట్టూ తిరిగి, వంగి తాడు మీటి చూశారు.

"మీ పేరు రాసేసుకున్నాను టీచర్ గారూ. రైలు టికెట్టు కూడా తీయించేస్తాను" అన్నారు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "ముందు ఆ సంచి ఎలా పాతారో, ఆ ముడి ఎలా వేశారో కాస్త చూపిస్తారా?" అని అడిగారు.

ఆవిడ చీర కొంగు నడుముకి దోపుకుని, కర్ర ఊడదీసి చేతిలోకి తీసుకున్నారు. టెంటు మెత్తగా కిందికి జారింది.

"చూపిస్తాను. అందరూ వరసగా కూర్చోండి. మాట్లాడకూడదు."

ప్రకాశరావు గారు మొదటి వరసలో కూర్చున్నారు. వల వదిలేసి వచ్చినవాళ్ళు కూర్చున్నారు. డేవిడ్ గారు నవ్వు ఆపుకోలేక రెండుసార్లు ఆవిడ చేత మందలింపు తిని, నా పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నారు.